ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే షుగర్ ప్యాకేజీ: బెంగళూరులో ఏ అంకెను నమ్మొచ్చు, దేన్ని మళ్ళీ చేయించాలి

మారతహళ్ళి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, బీటీఎం లేఅవుట్ వైపు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు షుగర్ పరీక్ష అంటే యాప్‌లో స్లాటు బుక్ చెయ్యడమే. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి పదిరోజులుంటే ఆ పదిరోజుల్లోనే ఒక 'కంప్లీట్ డయాబెటిస్ ప్యాకేజీ' చేయించి పంపడం ఆనవాయితీ అయిపోయింది. ఈ రివ్యూ ఆ సేవ గురించే. ఒక కంపెనీని పట్టుకుని రాసింది కాదు. నగరంలో దొరికే ఈ ప్యాకేజీలన్నీ ఇంచుమించు ఒకే తీరున నడుస్తాయి, ఒకే చోట్ల గాడి తప్పుతాయి.

మార్కులు ముందే వేసేద్దాం. హెచ్‌బీఏ1సీకి, అదే మనవాళ్ళు మూడు నెలల షుగర్ అనేదానికి, 5కి నాలుగున్నర. క్రియాటినిన్, కొలెస్ట్రాల్, థైరాయిడ్‌కి 4. పరగడుపు షుగర్‌కి 3. పొటాషియంకి 2. తిన్న రెండు గంటలకి చూసే పీపీ షుగర్‌కి, మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూసే యూరిన్ ఏసీఆర్‌కి మీరు పూనుకుంటే 3, వాళ్ళకే వదిలేస్తే 1. రిపోర్టు వచ్చాక చేసే 'ఉచిత డాక్టర్ సలహా' ఫోనుకి 1 ఇవ్వడం కూడా ఉదారమే. ఒకే చేతి నుంచి ఒకే సూదితో తీసిన రక్తానికి ఇన్ని రకాల మార్కులేంటంటే, సూది బయటికొచ్చాక ఒక్కో ట్యూబులో జరిగేది వేరు. అనుకోని అంకె వచ్చినప్పుడు ముందు అడగాల్సింది ఏం తిన్నారని కాదు. ఆ ట్యూబు ఎప్పుడు నిండింది, ఎప్పుడు మిషనెక్కింది అని.

ప్యాకేజీలో ఏముంది

'87 పరీక్షలు', '92 పారామీటర్లు' అని పెద్దక్షరాల్లో రాస్తారు. ఉప్పు, నెయ్యి, అప్పడం కూడా లెక్కేసి ఇరవై రకాల భోజనం అన్నట్టుంటుంది ఆ లెక్క. రక్తకణాల లెక్క చెప్పే సీబీసీ ఒక్కటే ఇరవైకి పైగా అంకెలిస్తుంది, యూరిన్ మామూలు పరీక్ష ఇంకో పదిహేను. కొలెస్ట్రాల్ నుంచి లెక్కకట్టిన నిష్పత్తులు నాలుగైదు. షుగరున్న మనిషికి నిజంగా కావలసినవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: హెచ్‌బీఏ1సీ, పరగడుపు షుగర్, క్రియాటినిన్‌తో పాటు దాన్నుంచి కిడ్నీ పనితీరు లెక్కకట్టే ఈజీఎఫ్‌ఆర్, యూరిన్ ఏసీఆర్, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), లివర్ కోసం ఎస్‌జీపీటీ, సీబీసీ. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతుంటే బీ12. బీపీ బిళ్ళలు వాడుతుంటే పొటాషియం. చిత్రమేమిటంటే చవక ప్యాకేజీల్లో ఎగిరిపోయేది యూరిన్ ఏసీఆరే. కిడ్నీ దెబ్బతింటోందని అందరికంటే ముందు చెప్పేది అది. దాని బదులు ఫాస్టింగ్ ఇన్సులిన్, దాన్నుంచి ఒంట్లో ఇన్సులిన్ ఎంత పనిచేస్తోందో లెక్కకట్టే హోమా-ఐఆర్ పెడతారు. ఇన్సులిన్ ఇంజెక్షన్ చేసుకునే మనిషికి ఆ రెండు అంకెలకీ అర్థమే లేదు.

బుక్ చేసే ముందు చూడాల్సినవి రెండు. ల్యాబుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు ల్యాబు మొత్తానికి ఒక్కసారిగా ఇచ్చేది కాదు, పరీక్షల జాబితా వారీగా ఉంటుంది. కాబట్టి యాప్ మొదటి పేజీలో ముద్ర చూసి సరిపెట్టుకోకుండా, మీకు కావలసిన పరీక్ష ఆ జాబితాలో ఉందో లేదో అడగాలి. కర్ణాటకలో ప్రైవేటు ల్యాబు నడపాలంటే 2007 నాటి కేపీఎంఈ (కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల) చట్టం కింద రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. రెండోది, మీ శాంపిల్ ఏ ల్యాబుకి వెళ్తుంది, ఎన్ని గంటలకి చేరుతుంది? ఎన్ని గంటలకి చేరుతుందో కస్టమర్ కేర్ చెప్పలేకపోతే షుగరూ పొటాషియం ఇక్కడ చేయించకండి.

పొద్దున్న ఆరున్నర స్లాటు

పరగడుపు అంటే ఎనిమిది నుంచి పది గంటలు. పన్నెండు దాటనివ్వొద్దు. మంచినీళ్ళు తాగొచ్చు. చక్కెర లేని కాఫీ కూడా వద్దు. షుగర్ బిళ్ళలు రక్తం ఇచ్చాక, టిఫిన్‌తో. రాత్రి వేసుకునే బేసల్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే) ఇన్సులిన్ మామూలుగానే వేసుకోవాలి. థైరాయిడ్ బిళ్ళ రక్తం ఇచ్చాక వేసుకుంటే మేలు. గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు తప్పకుండా మొదటి స్లాటే తీసుకోవాలి. ఎనిమిదింటికి వస్తానన్న మనిషి సిల్క్‌బోర్డ్ దగ్గర ఇరుక్కుని తొమ్మిదిన్నరకి వస్తే, ఈలోపు చెమటలు పట్టి కాళ్ళూ చేతులూ వణికాయంటే పరీక్ష సంగతి పక్కన పెట్టి చక్కెర నోట్లో వేసుకోవాలి. స్లాటు మళ్ళీ దొరుకుతుంది.

రక్తం తీసే అబ్బాయి బ్యాగులోంచి తీసే ట్యూబుల మూతల రంగులు చూడండి. పసుపు మూతది జెల్ ట్యూబు: కొలెస్ట్రాల్, క్రియాటినిన్, లివర్, థైరాయిడ్, పొటాషియం. ఊదా మూతలో రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉంటుంది: హెచ్‌బీఏ1సీ, సీబీసీ. బూడిదరంగు మూతలో ఫ్లోరైడ్ ఉంటుంది: షుగర్. రక్తం ఈ వరసలోనే పట్టాలి, పసుపు, ఊదా, చివర బూడిద. ఊదా మూత ట్యూబులోని ఈడీటీఏ పొటాషియం ఉప్పు. అది సూది ద్వారానో, తక్కువ పడిందని ఒక ట్యూబులోది ఇంకోదాంట్లో ఒంపడం వల్లో పసుపు ట్యూబులో చేరితే, పొటాషియం 7 దాటి కనిపిస్తుంది, కాల్షియం అడుగంటుతుంది. మనిషి చూస్తే ఇడ్లీ తింటూ సీరియల్ చూస్తుంటాడు. పొటాషియం అతి ఎక్కువ, కాల్షియం అతి తక్కువ జంటగా వస్తే మొదటి అనుమానం ట్యూబు మీదే.

పొటాషియం పెరిగేందుకు ఇంకో దగ్గరి దారి పిడికిలి. "అమ్మా, చెయ్యి మూసి తెరుస్తూ ఉండండి, నరం దొరకట్లేదు" అంటారు. వద్దనండి. ఒకసారి మూసి పట్టుకుంటే చాలు. చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటి ఉండకూడదు. సన్నటి సూదితో, సిరంజితో గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి వాటిలోని పొటాషియం బయటికొస్తుంది. అలాంటప్పుడు ఏఎస్‌టీ, అదే ఎస్‌జీఓటీ కూడా కాస్త పెరుగుతుంది. రిపోర్టు అడుగున చిన్నక్షరాల్లో 'హీమోలైజ్డ్ శాంపిల్' అని రాసుంటే ఆ పొటాషియం లెక్కలోకి రాదు.

ట్యూబు నిండాక పైకీ కిందకీ ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తిప్పాలి. ఊపడం కాదు. చాలామంది ఒకసారి తిప్పి బ్యాగులో పడేస్తారు. దాంతో ఫ్లోరైడ్ కలవదు, గడ్డలు కడుతుంది.

అన్నింటికంటే ముఖ్యం, బార్‌కోడ్ స్టిక్కర్ మీ కళ్ళ ముందే అంటించాలి. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి ఇచ్చే ఇళ్ళల్లో ఒకరి ట్యూబు మీద ఇంకొకరి స్టిక్కర్ పడటం ఈ సేవలో జరిగే తప్పులన్నిట్లోకీ చెడ్డది, ఎందుకంటే రెండు రిపోర్టులూ నమ్మదగ్గట్టే ఉంటాయి. ఒకరి రక్తం తీసి, స్టిక్కర్లు అంటించి, బ్యాగులో పెట్టాకే రెండో మనిషి కూర్చోవాలి. అనుమానమొస్తే పాత రిపోర్టులు తీసి హిమోగ్లోబిన్, ఎంసీవీ (ఎర్రకణం సైజు), క్రియాటినిన్ పోల్చండి. ఎంసీవీ రెండు మూడు వారాల్లో 72 నుంచి 91కి పోదు. పోయిందంటే అది మరొకరి రక్తం.

పరగడుపు షుగర్‌కి మూడే మార్కులెందుకు

ట్యూబులో ఉన్నా రక్తకణాలు బతికే ఉంటాయి, చక్కెర తింటూనే ఉంటాయి. మందు కలపని ట్యూబులో గది వేడికి గంటకి 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. అసలు 130 ఉన్నది రెండు గంటల్లో 115 చుట్టుపక్కలకి వచ్చేస్తుంది. ఫ్లోరైడ్ దీన్ని ఆపుతుంది, అయితే వెంటనే కాదు. అది అడ్డుకునేది చక్కెర విరిగే దారిలో చివరి మెట్లలో ఒకదాన్ని. మొదటి గంటా రెండు గంటలు తగ్గుదల కొంత జరిగే తీరుతుంది. ఆ తర్వాత స్థిరపడుతుంది. అందుకే ఇంటి దగ్గర తీసి, ఇంకో ఆరిళ్ళు తిరిగి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ల్యాబు చేరిన శాంపిల్లో నాలుగు నుంచి పది పాయింట్లు తక్కువ రావడం వింత కాదు. బూడిద మూత ట్యూబు అసలు వాడకుండా, జెల్ ట్యూబులోంచే షుగర్ కూడా చేసేస్తే ఆ రిపోర్టు చించెయ్యొచ్చు.

దీన్ని పట్టుకునే ఉపాయం సులువు. ఆ అబ్బాయి సూది గుచ్చిన నిమిషంలోనే మీ గ్లూకోమీటర్‌తో వేలి నుంచి ఒక చుక్క చూసి రాసుకోండి. మీటర్లకి ఐఎస్ఓ 15197 ప్రమాణం ప్రకారం ల్యాబుతో పోలిస్తే 100 పైన 15 శాతం, 100 లోపు 15 పాయింట్లు తేడా ఉండొచ్చు. ల్యాబు 140 అంటే మీటర్ 119 నుంచి 161 దాకా చూపినా మీటర్‌ది తప్పు కాదు. దానికంటే ఎక్కువ తేడా ఉంటే ఎవరో ఒకరు తప్పు. ఈ పోలిక పరగడుపునే చెయ్యాలి. తిన్నాక వేలి రక్తంలో చక్కెర నరం రక్తంలోకంటే సహజంగానే ఎక్కువుంటుంది.

మీటర్ పక్షాన జరిగే తప్పులు కూడా తెలుసుకోవాలి. మామిడిపండు తిని చెయ్యి తుడుచుకున్న వేలు 250 చూపిస్తుంది, కడిగి చూస్తే 140. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచిన తేదీ డబ్బా మీదే రాసిపెట్టుకుని, దాని మీద రాసిన గడువు దాటగానే పారెయ్యాలి. రక్తం బాగా తక్కువున్నవాళ్ళకి మీటర్ ఎక్కువ చూపే అవకాశం ఉంది.

ఇక అంకె నిజమే, ఎక్కువే వచ్చింది అనుకుందాం. రాత్రి పదిన్నరకి బిర్యానీ తిని ఆరున్నరకి రక్తమిస్తే అది ఎనిమిది గంటల పరగడుపే, అయినా అంకె ఎక్కువే వస్తుంది. తెల్లవారుజామున లివర్ వదిలే చక్కెర వల్ల చాలామందికి రాత్రి పడుకునేటప్పటికంటే పొద్దున్నే ఎక్కువుంటుంది. జ్వరం, పంటి చీము, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. పెద్దవాళ్ళ విషయంలో తప్పకుండా అడగాల్సింది మోకాలికో భుజానికో వేయించుకున్న ఇంజెక్షన్ గురించి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ షుగర్‌ని కొన్ని రోజులపాటు ఎగదోస్తుంది, ముఖ్యంగా మధ్యాహ్నం, సాయంత్రం. 'నొప్పికి వేశారు' అంటారు గానీ అందులో ఏముందో వాళ్ళకి ఎవరూ చెప్పరు.

పీపీ అనే తమాషా

ప్యాకేజీలో పీపీ ఉన్నా రెండో విడత మనిషి రావడం అదృష్టం. పదకొండింటికి వచ్చి, మూడున్నర గంటల తర్వాత తీసి, రిపోర్టులో 'పోస్ట్ ప్రాండియల్' అని వేసేస్తారు. పీపీ అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న క్షణం నుంచి రెండు గంటలు. చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. రోజూ తినేదే తినాలి, రోజూ వేసుకునే మందే వేసుకోవాలి. పరీక్ష ఉందని రెండు ఇడ్లీతో సరిపెట్టి, రోజూ తినే నాలుగు ఇడ్లీ, చట్నీ, పైన కాఫీ వదిలేస్తే వచ్చే అంకె ఎవరికీ ఉపయోగపడదు.

పరగడుపు 152, పీపీ 138 వస్తే ల్యాబు తారుమారు చేసిందని గొడవపడేవాళ్ళు చాలామంది. అలా రావచ్చు. పొద్దున్న ఎక్కువున్న షుగర్ మీద బిళ్ళో ఇన్సులినో పడింది, తిన్నది తక్కువ, అందుకే తగ్గింది. ఇలాంటివాళ్ళ సమస్య టిఫిన్ కాదు, రాత్రి. పీపీ కోసం ఇంటి సేవను వదిలి పక్క వీధి కలెక్షన్ సెంటర్‌కి నడిచి వెళ్ళడమో, మీటర్‌తో వారానికి మూడు నాలుగుసార్లు వేర్వేరు భోజనాల తర్వాత చూసుకోవడమో నయం.

హెచ్‌బీఏ1సీ: నాలుగున్నర మార్కులూ, మిగిలిన అర మార్కూ

ఇది ట్రాఫిక్‌కి బెదరదు. ఊదా మూత ట్యూబు ఫ్రిజ్‌లో వారం ఉన్నా అంకె మారదు, పరగడుపున ఇచ్చినా తిని ఇచ్చినా ఒకటే. అందుకే ఇంటి సేవకి బాగా నప్పే పరీక్ష ఇది.

అంకెను రోజువారీ షుగర్‌లోకి మార్చే లెక్క: హెచ్‌బీఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసెయ్యండి. 6 అంటే సగటు 126, 7 అంటే 154, 8 అంటే 183, 9 అంటే 212. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి మూడు నెలలంటారు గానీ అన్ని నెలలకీ సమానమైన వాటా లేదు. దాదాపు సగం గడిచిన నెలదే. సంక్రాంతి అరిసెల ప్రభావం ఫిబ్రవరి మొదట్లో తీసిన రిపోర్టులో బాగా కనపడుతుంది, ఏప్రిల్‌కి చెరిగిపోతుంది.

తేడా ఎంతొస్తే తేడా? మంచి పద్ధతిలో చేసినా అసలు విలువకి 5 శాతం అటూఇటూ రావచ్చు. అసలు 7.0 ఉన్నది 6.7 అనీ, 7.3 అనీ రావచ్చు. పోయినసారి 6.9, ఈసారి 7.1 అని ఇంట్లో స్వీట్లు దాచెయ్యడం అనవసరం. 0.5 మారితే మాట్లాడుకోవాలి.

అసలు చిక్కు మీటర్ ఒకటి, హెచ్‌బీఏ1సీ ఒకటి చెప్పినప్పుడు. మీటర్ సగటు 140, రిపోర్టు 8.4. లెక్క ప్రకారం 140కి 6.5 రావాలి, 8.4కి 194 ఉండాలి. ఇంత తేడాకి మామూలు కారణం, ఆ మనిషి రోజూ పొద్దున్నే ఒక్కసారే చూసుకుంటున్నాడు, మధ్యాహ్నం అన్నం తర్వాత 260 వెళ్తున్నది ఎవరూ చూడట్లేదు. మూడు రోజులపాటు మూడు పూటలా తినకముందు, తిన్న రెండు గంటలకి, పడుకునే ముందు చూస్తే విషయం బయటపడుతుంది. అంత ఓపిక లేకపోతే జబ్బకి అంటించుకుంటే షుగర్‌ని రోజంతా చూపే 14 రోజుల సెన్సర్ ఉంది. దాంట్లో మొదటి రోజు అంకెల్ని పట్టించుకోవద్దు. ఆ చెయ్యి కింద పెట్టి పడుకుంటే అర్ధరాత్రి దొంగ లో-షుగర్ అలారం మోగుతుంది, వేలితో చూసుకున్నాకే చక్కెర తినాలి.

మూడు రోజులు చూసినా మీటర్ మంచిదే చెబుతుంటే అప్పుడు అదే రిపోర్టులో సీబీసీ పేజీ తియ్యండి. ఈ ప్యాకేజీల్లో డబ్బుకి విలువ నిజంగా దొరికేది ఇక్కడే, రెండూ ఒకే రక్తంలోంచి వస్తాయి కాబట్టి. హిమోగ్లోబిన్ 9.5, ఎంసీవీ 70 ఉన్న ఆడవాళ్ళకి ఐరన్ లోపం ఉండొచ్చు. ఐరన్ లోపంలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది. ఐరన్ మాత్రలు మొదలెట్టాక కొత్త కణాలు పుట్టుకొచ్చి, షుగర్ మందు మార్చకుండానే అంకె దిగుతుంది. దాన్ని కాకరకాయ రసం గొప్పతనం అనుకుంటారు. ఎంసీవీ 100 దాటితే బీ12 చూడాలి. ఆ లోపం కూడా అంకెను పైకి లాగుతుంది, మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళల్లో బీ12 తగ్గడం మామూలే.

ఎంసీవీ తక్కువుండి ఎర్రకణాల సంఖ్య మాత్రం ఎక్కువుంటే ఎంసీవీని ఆ సంఖ్యతో భాగించండి. 66ని 5.9తో భాగిస్తే 11 వస్తుంది. 13 కంటే తక్కువైతే ఐరన్ లోపం కంటే పుట్టుకతో వచ్చే తలసీమియా ట్రెయిట్ అయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని తేల్చడానికి వేరే పరీక్ష ఉంది, ఐరన్ మాత్రలు మింగి లాభం లేదు.

తక్కువ చూపే సందర్భాలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అంకె చూసి అందరూ సంతోషిస్తారు. డయాలసిస్ చేయించుకుంటూ రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళు, ఈమధ్యే రక్తం బాగా పోయినవాళ్ళు, రక్తం ఎక్కించుకున్నవాళ్ళు, ఎర్రకణాలు తొందరగా పగిలే జబ్బున్నవాళ్ళు, గర్భిణులు. వీళ్ళకి 6.2 వచ్చినా మీటర్ 200 అంటుంటే మీటర్ మాటే వినాలి. రక్తం ఎక్కించాక మూడు నెలలు హెచ్‌బీఏ1సీ జోలికి పోవద్దు. ఇలాంటప్పుడు ఫ్రక్టోసమైన్ అడగొచ్చు. అది రెండు మూడు వారాల సగటు చెబుతుంది. మూత్రంలో ప్రోటీన్ బాగా పోయి ఆల్బుమిన్ తగ్గినవాళ్ళకి అదీ తప్పుతుంది.

ఆ పోయిన అర మార్కు ల్యాబు కొలిచే పద్ధతిది. రిపోర్టులో హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి కొలిచే పద్ధతి) అని ఉంటే సాధారణంగా ఒక గ్రాఫు ఉండాలి, గుట్టల్లాంటి గీతలతో. కింద పట్టికలో ఏ1ఏ, ఏ1బీ, ఎఫ్, ఏ1సీ, ఏ0 అని వరసగా వాటాలుంటాయి. 'ఎఫ్' బాగా ఎక్కువున్నా, ఏ0 పక్కన ఇంకో పెద్ద గుట్ట లేచినా ఆ హిమోగ్లోబిన్ మామూలుది కాదు. మన్యం ప్రాంతాల వాళ్ళల్లో సికిల్ సెల్ ట్రెయిట్, ఇంకొందరిలో హెచ్‌బీ-డీ, హెచ్‌బీ-ఈ అనే వేరే రకం హిమోగ్లోబిన్లు ఉంటాయి. అవి ఉంటే ఏ పద్ధతి నమ్మాలన్నది మిషన్ని బట్టి మారుతుంది. చాలా యాప్‌లు అందమైన రంగుల పీడీఎఫ్ కోసం ఈ గ్రాఫు పేజీనే కత్తిరించేస్తాయి. అడిగితే మెయిల్ చేస్తారు, అడగాలి.

మిగతా ఎర్ర బాణాలు

రిఫరెన్స్ రేంజి అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళల్లో 95 శాతం మంది పడే గీత. అంటే ప్రతి పరీక్షకీ వందలో ఐదుగురు ఆరోగ్యవంతులు బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే ఏమీ లేని మనిషికైనా కనీసం ఒక్క ఎర్ర బాణం పడే అవకాశం 64 శాతం. 87 పరీక్షల ప్యాకేజీ అమ్మేవాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు.

పచ్చరంగును కూడా నమ్మలేం. క్రియాటినిన్ 1.2 చాలా రిపోర్టుల్లో పచ్చగానే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ మగవాడికి అది ఈజీఎఫ్‌ఆర్ 83. అరవై ఐదేళ్ళ ఆవిడకి అదే 1.2 అంటే 50, డాక్టర్ చూడాల్సిన అంకె. మరోవైపు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి బిళ్ళ కొత్తగా మొదలెట్టాక ఈజీఎఫ్‌ఆర్ 88 నుంచి 78కి దిగితే అది మందు పనిచేసే తీరు. 30 శాతం లోపు తగ్గుదల ఊహించిందే, బిళ్ళ మానొద్దు. అదే బిళ్ళ వాడేవాళ్ళ మూత్రంలో షుగర్ 'మూడు ప్లస్సులు' ఉంటుంది, రక్తంలో 110 ఉన్నా సరే. చక్కెరను మూత్రంలోకి తోసెయ్యడమే ఆ బిళ్ళ పని. ఫోన్లో సలహా ఇచ్చేవాళ్ళు దీన్ని చూసి 'కంట్రోల్ అస్సలు లేదు' అంటారు.

యూరిన్ ఏసీఆర్‌కి పొద్దున లేవగానే పోసే మొదటి మూత్రం కావాలి. డబ్బా తెచ్చేది ఆరున్నరకి, అప్పటికి అది అయిపోయి ఉంటుంది. ముందురోజే మందులషాపులో స్టెరైల్ డబ్బా కొనిపెట్టుకోండి. ముందురోజు జిమ్ము, జ్వరం, మూత్రంలో మంట, నెలసరి ఉంటే వాయిదా వెయ్యండి. 30 దాటిందని ఒక్కసారికే కిడ్నీ పోయిందనుకోవద్దు. మూడు నుంచి ఆరు నెలల్లో చేసిన మూడింట్లో రెండుసార్లు దాటాలి.

ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే లెక్కకట్టిన ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) చెల్లదు. 'డైరెక్ట్ ఎల్‌డీఎల్' అడగండి. షుగర్ 400 ఉన్నప్పుడు సోడియం 131 వస్తే దిద్దుబాటు చెయ్యాలి, 100 పైన ప్రతి వందకీ 1.6 కలిపితే 136 చుట్టూ వస్తుంది. జుట్టు కోసం బయోటిన్ బిళ్ళలు వాడుతుంటే కొన్ని మిషన్లలో థైరాయిడ్ అంకె టీఎస్‌హెచ్ దొంగగా తగ్గి కనిపిస్తుంది. రెండు మూడు రోజుల ముందు ఆపి రక్తమివ్వాలి.

ఆ ఫోన్ కాల్, ఆగకూడని సందర్భాలు

రిపోర్టు వచ్చిన గంటకే 'మీ రిపోర్టులో 11 అసాధారణాలు' అని ఫోనొస్తుంది. ఏ మందులు వాడుతున్నారని అడగకుండానే డైట్ ప్లాన్‌లోకి, అక్కణ్ణుంచి సప్లిమెంట్లలోకి వెళ్తుంది. ఆ ఫోను మీద ఒక్క బిళ్ళ కూడా మార్చొద్దు, మానొద్దు.

ఇంటి శాంపిలే కదా అని కొట్టిపారెయ్యకూడనివి కొన్ని ఉన్నాయి. పొటాషియం 6 దాటితే తప్పుడు అంకె కావచ్చు, అయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి మళ్ళీ చేయించి ఈసీజీ తీయించాలి. షుగర్ 300 పైన ఉండి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే కీటోన్స్ (ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి 'గ్లిఫ్లోజిన్' బిళ్ళలు వాడేవాళ్ళకి షుగర్ 200 లోపున్నా కీటోన్స్ పెరగొచ్చు, కాబట్టి ఈ లక్షణాలుంటే అంకె చూసి ఆగొద్దు. సన్నగా ఉన్న మనిషికి ఉన్నట్టుండి హెచ్‌బీఏ1సీ 7 నుంచి 10కి ఎగిరి, బరువు తగ్గిపోతుంటే తిండి గురించి తిట్టడం ఆపి డయాబెటాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్, టైప్-1ని పట్టే గ్యాడ్ యాంటీబాడీ, ఒక్కోసారి పాంక్రియాస్ స్కానింగ్ దాకా వెళ్ళాల్సిన విషయం అది.

మళ్ళీ చేయించాల్సి వస్తే

రిపోర్టు వచ్చిన రోజే ఫోన్ చెయ్యండి. ల్యాబులు శాంపిల్‌ని కొద్దిరోజులే దాస్తాయి. రిపోర్టు మీది శాంపిల్ నంబరు చెప్పి మూడు అడగండి: తీసిన సమయం, ల్యాబుకి చేరిన సమయం, శాంపిల్ మీద ఏమన్నా రిమార్కు ఉందా. మొదటి రెండూ చాలా రిపోర్టుల మీదే ఉంటాయి. 'కలెక్టెడ్' 6:40, 'రిసీవ్డ్' 12:15 అని ఉంటే షుగర్, పొటాషియం సంగతి మీరే తేల్చుకోవచ్చు. హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ లాంటివి దాచిన ట్యూబుతోనే రీరన్ చెయ్యమనండి, చాలాచోట్ల డబ్బులడగరు. షుగర్, పొటాషియం మాత్రం పాత ట్యూబుతో తిప్పినా లాభం లేదు, మిషను ఉన్న ల్యాబుకే నేరుగా వెళ్ళి కొత్తగా ఇవ్వాలి. హెచ్‌బీఏ1సీని అనుమానంతో ఇంకో ల్యాబులో చేయిస్తే పద్ధతి పేరు రెండు రిపోర్టుల మీదా ఒకటేనా చూసుకోండి. ఒకటి హెచ్‌పీఎల్‌సీ, ఇంకోటి ఇమ్యునోటర్బిడిమెట్రీ అయితే ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో చెప్పడం కుదరదు.